మన పెరట్లో చెట్టే, కానీ కొట్టించే ముందు కౌన్సిల్‌ను అడగాలి: ఇంగ్లండ్‌లో టీపీఓ చూసుకోవడం, దరఖాస్తు చేయడం

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి మొదటి వేసవిలోనే పెరట్లోని పెద్ద చెట్టు మీద కన్ను పడుతుంది. తోటకూర, టొమాటో వేద్దామంటే ఎండ తగలదు. రాలిన ఆకులన్నీ పైకప్పు గట్టర్‌లోకే చేరతాయి. ఇక చెట్టు వీధిగుమ్మానికి ఎదురుగా ఉందా, ఊరి నుంచి అమ్మానాన్న దిగిన రోజే ద్వారవేధ, అంటే గుమ్మానికి ఎదురుగా అడ్డు ఉంటే వాస్తు దోషమనే మాట వస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఓక్ చెట్టు. అమ్మ చూసి పెదవి విరిచిన వారంలోనే ఒకాయన తలుపు తట్టి, శనివారం వచ్చి కొట్టేస్తాను, క్యాష్ ఇస్తే చాలన్నాడు. పర్మిషన్ అక్కర్లేదా అంటే, ‘మీ చెట్టే కదా’ అన్నాడు.

మన చెట్టే. అయినా ఆ మాట కోర్టులో నిలబడదు. ఆ మాటకొస్తే మన దగ్గర కూడా 2002 నాటి వాల్టా చట్టం సొంత స్థలంలోని చెట్టుకైనా ముందస్తు అనుమతి అడుగుతుంది. మనం పట్టించుకోవడం తక్కువ, అంతే.

ఇక్కడ కౌన్సిల్ ఏదైనా చెట్టుకు ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ వేయవచ్చు. దీన్నే అందరూ టీపీఓ అంటారు. ఓక్ చెట్టయితే ఉంటుంది, చెర్రీ అయితే ఉండదు అనే లెక్క లేదు. చెట్టు ఏ జాతిదైనా, ఆ వీధికి అది అందమని కౌన్సిల్ అనుకుంటే చాలు. పొదలకూ పూలమొక్కలకూ ఇది వర్తించదు. టీపీఓ లేకపోయినా మీ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత కట్టడాలు, వీధుల రూపు కాపాడేందుకు గుర్తించిన ప్రాంతంలో ఉంటే, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కాండం అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు దాటిన చెట్లన్నిటికీ రక్షణ ఉంటుంది. టేపు లేకపోతే మాను చుట్టూ చేయి వేసి చూడండి. చుట్టుకొలత సుమారు 23.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక జాన. అంత సన్నటి చెట్టు కూడా లెక్కలోకి వస్తుంది.

ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో టీపీఓ మ్యాప్ కోసం వెతికి, పోస్ట్‌కోడ్ కొట్టి చూడండి. మ్యాప్‌లో టీ1, టీ2 అని ఉంటే ఒక్కో చెట్టు, జీ అంటే గుంపు, ఏ అంటే ఏరియా, డబ్ల్యూ అంటే వుడ్‌ల్యాండ్. చివరి రెండింటి దగ్గరే చాలామంది పొరబడతారు. ఏరియా ఆర్డర్ అది వేసిన నాటికి ఉన్న చెట్లనే కాపాడుతుంది. వుడ్‌ల్యాండ్ ఆర్డర్‌లో తర్వాత మొలిచిన మొక్క కూడా వస్తుంది.

మ్యాప్‌లో ఏమీ కనిపించకపోయినా అక్కడితో ఆగొద్దు. మ్యాప్ పాతదై ఉండొచ్చు. ఇంటి అడ్రసు, చెట్టు ఫోటో, అది ఎక్కడుందో చిన్న గీత బొమ్మ పెట్టి కౌన్సిల్ ట్రీ ఆఫీసర్‌కు ఈమెయిల్ రాయండి. జవాబు రాతపూర్వకంగా దగ్గరుంటే రేపు టెన్షన్ ఉండదు. ఇల్లు కొన్నప్పుడు సాలిసిటర్ పంపిన సెర్చ్ కాగితాల్లో లోకల్ ల్యాండ్ చార్జెస్ భాగం కూడా తిరగేయండి. అప్పటికే టీపీఓ ఉంటే అందులో రాసి ఉంటుంది. కొత్త ఎస్టేట్లలో ప్లానింగ్ పర్మిషన్ షరతుల్లోనే చెట్లు ఉంచాలని రాసే అవకాశం ఉంది కాబట్టి అదీ చూడాలి.

టీపీఓ ఉందని తేలితే ప్లానింగ్ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. కౌన్సిల్‌కు ఫీజు లేదు. పక్కింటివాళ్ల చెట్టు కొమ్మ మన వైపు వాలినా ఇదే దారి, దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు. ఫారం సులువే కానీ రెండు గడుల దగ్గర జాగ్రత్త. ఏం పని చేస్తారు అన్న చోట ‘కాస్త ట్రిమ్ చేస్తాం’ అని రాస్తే వెనక్కి వస్తుంది. ‘కింది కొమ్మలు నేల నుంచి 3 మీటర్ల ఎత్తు వరకు తీసేస్తాం’ అన్నట్టు కొలతతో రాయాలి. ఎందుకు అన్న చోట చెట్టుకు రోగం అనో, పడిపోతుందనో రాస్తే నిపుణుడి రిపోర్టు జతచేయాలి. వేర్ల వల్ల పునాది కుంగుతోందంటే ఇంజనీర్ రిపోర్టు కావాలి. ఆకులు రాలుతున్నాయి, పిట్టలు రెట్టలు వేస్తున్నాయి అన్న కారణాలతో నిక్షేపంగా ఉన్న చెట్టును కొట్టనివ్వరు. వాస్తు గురించి రాయకూడదని ఎక్కడా లేదు, రాసి లాభం ఉంటుందని మాత్రం నాకు అనిపించలేదు.

నిర్ణయానికి 8 వారాల గడువు. కాదంటే 28 రోజుల్లో ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ అనే ప్రభుత్వ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. దానికీ ఫీజు లేదు.

కన్జర్వేషన్ ఏరియా పద్ధతి వేరు. అక్కడ అడిగేది అనుమతి కాదు, ఇచ్చేది 6 వారాల నోటీసు. ఆ లోపు కౌన్సిల్ టీపీఓ వేయకపోతే పని చేసుకోవచ్చు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండేళ్లలో పూర్తి చేయాలి.

చెట్టు పూర్తిగా ఎండిపోయి ఉంటే దరఖాస్తు అక్కర్లేదు, 5 పనిదినాల ముందు కౌన్సిల్‌కు చెబితే చాలు. గాలివానకు విరిగి ఇప్పుడో ఇంకాసేపటికో మీద పడేలా ఉంటే, ప్రమాదం తప్పేంత వరకే కొట్టి వెంటనే తెలియజేయాలి. అది నిజంగా ఎండిందనో, ప్రమాదమనో రుజువు చేయాల్సింది మనమే. అందుకే కొట్టకముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇలా తీసేసిన చెట్టు స్థానంలో మామూలుగా ఇంకో చెట్టు నాటాల్సి ఉంటుంది.

అనుమతి లేకుండా టీపీఓ చెట్టు కొట్టేస్తే కోర్టు వేసే జరిమానాకు ఇంగ్లండ్‌లో పైపరిమితి లేదు. కొట్టినవాడూ, కొట్టించినవాడూ ఇద్దరూ దొరుకుతారు. వేర్లు నరికి చెట్టును చంపినా అదే నేరం.

కాగితాలన్నీ చేతిలో ఉన్నా మార్చి నుంచి ఆగస్టు మధ్య కొమ్మల్లోకి ఒకసారి తొంగి చూడాలి. పిట్టలు వాడుతున్న గూడును పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. గబ్బిలాల తొర్ర అయితే అవి లోపల లేని సమయంలో కూడా ముట్టుకోకూడదు.

మా ఓక్‌కు టీపీఓ ఉందని మ్యాప్‌లో పోస్ట్‌కోడ్ కొట్టగానే తెలిసింది. కొట్టేయడం మానుకుని, గుమ్మంలోకి వెలుతురు వచ్చేలా కింది కొమ్మలకు మాత్రం దరఖాస్తు పెట్టాం. ఏడో వారంలో ఉత్తరం వచ్చింది. ఈసారి పిలిచిన ట్రీ సర్జన్ వ్యాన్ దిగి, నిచ్చెన తీయకముందే ఆ ఉత్తరం చూపించమన్నాడు.