పరిశుద్ధత పనిదినాల్లో కనబడాలంటే

బాప్తిస్మం తీసుకున్న కొత్తలో చాలామంది విశ్వాసులు, లోకానికి వేరుగా ఉండడమంటే ఇరుగుపొరుగుకు దూరంగా ఉండడమేనని అనుకుంటారు. పండుగనాడు తలుపు మూసుకుంటారు, పెళ్లికి పిలిచినా వెళ్లరు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో పౌలు ఈ పొరపాటును సూటిగా సరిదిద్దాడు. లోకంలోని పాపులతో ఏమాత్రం కలవకూడదంటే లోకాన్నే విడిచి వెళ్లవలసి వస్తుందని అన్నాడు. కాబట్టి మనం నేర్చుకోవలసింది జనం మధ్య ఉంటూనే పవిత్రంగా బ్రతకడం.

ముందుగా లేవీయకాండము 19వ అధ్యాయాన్ని ఒక వారంపాటు రోజూ కొంత చదవండి. దేవుడు పరిశుద్ధుడు గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలన్న ఆజ్ఞ రెండో వచనంలోనే వస్తుంది. విగ్రహాల గురించి, బలుల గురించి చెబుతూనే, ఆ అధ్యాయం పొలం అంచులు బీదలకు వదలమంటుంది, కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోవద్దంటుంది, త్రాసులో మోసం వద్దంటుంది, తలనెరిసినవారి ఎదుట లేచి నిలబడమంటుంది. తెల్లబట్టలు వేసుకోవడం, నగలు తీసివేయడం వంటి ఆచారాలను నేను తక్కువ చేయడం లేదు గాని, కూలి ఎగ్గొట్టిన చేతికి అవి పరిశుద్ధతను తేలేవు.

అందుకే డబ్బుతో మొదలుపెట్టండి. శనివారం రాత్రి కూర్చుని పనిమనిషి జీతం, కిరాణా కొట్టు బాకీ, చిట్టీ వాయిదా, స్నేహితుని దగ్గర తీసుకున్న చేబదులు ఒక కాగితం మీద రాసుకుని, తీర్చగలిగినవి ఆరాధనకు వెళ్లేలోపు తీర్చండి. తీర్చలేనివాటికి ఫోను ఎత్తకుండా తప్పించుకోక, మీరే వెళ్లి గడువు అడగండి. సహోదరునికి మన మీద ఏదైనా విరోధం ఉంటే అర్పణను బలిపీఠం ఎదుటే వదిలి ముందు అతనితో సమాధానపడమని యేసు చెప్పిన మాట బాకీలకు కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

మన సంఘాలను ఎక్కువగా సిగ్గుపరిచేది కట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇవ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ నేరమంటున్నా, ప్రార్థనతో మొదలైన పెళ్లిమాటలు బేరంతో ముగియడం మన ఇళ్లలో జరుగుతూనే ఉంది. మీ కుమారునికి సంబంధం చూస్తున్నట్లయితే, పెళ్లిచూపులకు ముందే మధ్యవర్తితో కట్నం వద్దని చెప్పండి. పొలం, బంగారం, బండి, చదువు ఖర్చు అన్న పేర్లతో కూడా వద్దని విడమరచి చెప్పండి. ఆలస్యంగా చెబితే బంధువుల ఒత్తిడికి మాట నిలవదు.

పొరుగింటివారు ప్రసాదం తెచ్చినప్పుడు తడబాటు సహజం. పౌలు అదే పత్రిక 10వ అధ్యాయంలో దారి చూపాడు: విందుకు పిలిస్తే వడ్డించినది ఆరా తీయకుండా తినవచ్చు, ఇది విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా తెలియజేస్తే ఆ చెప్పినవారి మనస్సాక్షి కోసం మానాలి. ప్రసాదం విషయంలో అది ముందే తెలుస్తుంది కనుక, లేచి ఎదురువెళ్లి, "అక్కా, మా విశ్వాసాన్నిబట్టి ఇది తీసుకోలేను, ఏమీ అనుకోవద్దు, కూర్చోండి, టీ పెడతాను" అని ప్రేమతో చెప్పండి. ముఖం చిట్లించడం, వారి దేవుళ్లను కించపరచడం సాక్ష్యం కాదు.

ఉద్యోగంలో దానియేలును చూడండి. యూదా నుండి చెరగా బబులోను రాజు కొలువుకు తేబడిన అతడు అక్కడి కల్దీయుల భాష నేర్చుకున్నాడు, బెల్తెషాజరు అన్న పేరుతో పిలవబడ్డాడు, తనను అపవిత్రపరచే రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగినప్పుడు కూడా గొడవపడలేదు. పది దినాలు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి పరీక్షించమని మర్యాదగా వేడుకున్నాడు. మీ పై అధికారి తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమంటే, కాదని చెప్పడంతోపాటు సరైన లెక్కతో ఆ పని ఎలా పూర్తిచేయవచ్చో కూడా చూపండి.

నాలుక విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: ఎవరి కుటుంబ రహస్యాన్నైనా "ప్రార్థన అవసరత" అన్న పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు వారి అనుమతి అడగండి.

ఆరు నెలలకొకసారి మీతో పనిచేసే వేరే మతానికి చెందిన ఒక సహోదరుణ్నో, మీ ఇంట్లో పనిచేసే అమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, నా ప్రవర్తనలో మిమ్మల్ని బాధపెట్టేది ఏమిటని అడగండి. జవాబు చెబుతుండగా అడ్డుతగలకండి, సమర్థించుకోకండి. ఇంటికి వచ్చి రాసుకుని, మర్నాడే సరిచేయగలిగినది మర్నాడే సరిచేయండి.