గోదావరి డెల్టా పటంపై రవాణా కంపెనీ నడపడం ఎలా? ఓపెన్‌టీటీడీ ఆటలోని బలాలు, లోపాలు

టీటీడీ అనగానే తెలుగువారికి తిరుమల గుర్తుకు రావడం సహజం. ఇక్కడ మాత్రం ఆ మూడక్షరాలకు ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ అని అర్థం. క్రిస్ సాయర్ రూపొందించగా మైక్రోప్రోస్ సంస్థ 1994లో విడుదల చేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌కు 1995లో వచ్చిన విస్తృత రూపం అది. ఔత్సాహిక ప్రోగ్రామర్లు దానిని మళ్లీ కొత్తగా రాసి, 2004 నుంచి ఓపెన్‌టీటీడీ పేరుతో ఉచితంగా అందిస్తున్నారు. బస్సులు, లారీలు, రైళ్లు, ఓడలు, విమానాలు కొని, సరుకునూ ప్రయాణికులనూ చేరవేసి లాభం తీయడమే ఇందులో పని. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న మన నేలను ఈ ఆటలోకి తెచ్చుకుంటే, ఆట ఎక్కడ గట్టిదో ఎక్కడ డొల్లో త్వరగా బయటపడుతుంది. అందువల్ల ఆ పటం మీదే దశలవారీగా వివరిస్తున్నాను.

మొదటి దశ: ఆటను దించుకోవడం

అధికారిక వెబ్‌సైట్ నుంచి ఆటను దించుకోవచ్చు. బొమ్మలకు కావలసిన ఓపెన్‌జీఎఫ్‌ఎక్స్ అనే గ్రాఫిక్స్ కట్ట కూడా ఉచితమే. పాత ల్యాప్‌టాప్‌కైనా ఇది భారం కాదు. కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి కంపెనీలు మాత్రం ఆటతోపాటు రావు. వాటిని ఆటలోని ఆన్‌లైన్ కంటెంట్ విభాగం నుంచి విడిగా తెచ్చుకోవాలి. పోటీ లేకపోతే కొన్నేళ్ల ఆటకాలంలోనే డబ్బు గుట్టలుగా పేరుకుపోయి ఖర్చు గురించి ఆలోచించే అవసరమే ఉండదు కనుక, ఈ పనిని వాయిదా వేయకపోవడం మంచిది.

రెండో దశ: డెల్టా పటాన్ని తయారు చేయడం

ఎత్తుపల్లాల చిత్రాన్ని నలుపు తెలుపు ఛాయలలో పీఎన్‌జీ ఫైలుగా సిద్ధం చేసుకోవాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఈ ఆట పూర్తి నలుపును మాత్రమే నీరుగా, తక్కిన ఛాయలన్నిటినీ నేలగా భావిస్తుంది. ఛాయ తెల్లబడేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది. పాపికొండలతో పోలిస్తే కోనసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి, రెండూ ఉన్న చిత్రంలో డెల్టా చాలావరకు పూర్తి నలుపుగానే పడుతుంది. దానిని సరిచేయకుండా లోడు చేస్తే అమలాపురం, రాజోలు సముద్రంలో కలిసిపోయి, రాజమహేంద్రవరం ఓడరేవుగా మారిపోతుంది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. బొమ్మలు దిద్దే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా డెల్టా నేలనంతటినీ ముదురు బూడిదరంగుతో నింపి, సముద్రాన్నీ నదీపాయలనూ పూర్తి నలుపుతో గీయాలి. చిత్రం కొలతా పటం కొలతా ఒకటే అయినప్పుడు ఒక పిక్సెల్ ఒక గడి అవుతుంది. నాలుగు మూలలూ నీటిమట్టంలో ఉన్న గడిలోనే నీరు నిలుస్తుంది కనుక, వైనతేయనైనా కనీసం మూడు పిక్సెళ్ల వెడల్పున గీయాలి. ఒకే పిక్సెల్‌తో గీస్తే ఎండిన బోదెలా మిగులుతుంది. పటం 4096×4096 గళ్ల వరకు ఉండవచ్చుగానీ మొదటిసారికి 512×512 సరిపోతుంది.

మూడో దశ: ఊళ్లు, పరిశ్రమలు

ఆటలోని నాలుగు వాతావరణాలలో ఉపోష్ణమండలం మనకు దగ్గరగా ఉంటుంది. అయితే అందులో ఎడారి కూడా ఉంటుంది, ఎడారి ఊళ్లు నీరు, ఆహారం తెచ్చిపోస్తేనే పెరుగుతాయి. ఎడారి శాతాన్ని సున్నాకు మార్చకపోతే రాజోలుకు నీళ్ల ట్యాంకర్లు పంపవలసి వస్తుంది.

ఊళ్లను సినారియో ఎడిటర్‌లో (ఆట మొదలుపెట్టకముందే పటాన్ని తీర్చిదిద్దుకునే విభాగంలో) మన పేర్లతోనే పెట్టుకోవచ్చు. పరిశ్రమల దగ్గర మాత్రం నిరాశ తప్పదు. అన్నపూర్ణగా పేరుపడిన డెల్టాకు ఇక్కడ వరి లేదు, కొబ్బరి సరుకూ లేదు. పండ్ల తోట, మొక్కజొన్న పొలం, ఆహార కర్మాగారం ఉన్నాయి. రావులపాలెం అరటి గెలలను ‘పండ్లు’ అనే సరుకుతో సరిపెట్టుకోవాలి. చమురు బావులు, రిఫైనరీ ఉండడం కొంత ఊరట. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ ఉన్న సంగతి తెలిసినవారికి ఆటలోనూ బావుల పక్కనే దానిని పెట్టాలనిపిస్తుంది. కానీ అలా చేస్తే చేతికి వచ్చేది శూన్యం. కారణం తర్వాతి దశలో తెలుస్తుంది.

నాలుగో దశ: మొదటి మార్గం

ఆట 1950లో 1,00,000 పౌండ్ల అప్పుతో మొదలవుతుంది. మామూలు అమరికలో 3,00,000 వరకు అప్పు తీసుకోవచ్చు. ఎంత సరుకు మోశాం, ఎక్కించిన స్టేషన్‌కూ దించిన స్టేషన్‌కూ మధ్య ఎన్ని గళ్ల దూరం ఉంది, ప్రయాణానికి ఎన్ని రోజులు పట్టింది అనేవాటిని బట్టి రాబడి వస్తుంది. పట్టాలు ఎంత వంకర తిరిగినా దూరం పెరిగినట్టు కాదు. ఆలస్యమై రాబడి తగ్గుతుంది, అంతే. చమురు ఆలస్యాన్ని బాగా ఓర్చుకుంటుంది, పండ్లు ఓర్చుకోవు. కనుక రాజోలు పరిసరాల బావుల నుంచి కాకినాడ తీరంలో పెట్టిన రిఫైనరీకి చమురు మోయడంతో ప్రారంభించి, వేగవంతమైన వాహనాలు వచ్చాకే అరటి జోలికి వెళ్లాలి. త్వరగా పాడయ్యే సరుకు ఎందుకు దగ్గర మార్కెట్‌కే పోతుందో ఏ పాఠమూ చెప్పకుండానే ఈ ఆట చేతితో తెలియజేస్తుంది. నా దృష్టిలో దీని అసలు బలం ఇదే.

స్టేషన్ రేటింగ్ కూడా అంత చక్కగానే కుదిరింది. ఒక్క వాహనమైనా వచ్చి అడిగేదాకా స్టేషన్‌లో సరుకు చేరదు. ఆ తర్వాత వాహనం వేగం, వయసు, రెండు రాకల మధ్య విరామం, పేరుకుపోయిన సరుకు చూసి రేటింగ్ నిర్ణయమవుతుంది. రేటింగ్ తగ్గితే తోటలో పండినదానిలో మన వాటా తగ్గుతుంది. ‘పూర్తి లోడు’ ఆదేశం ఇచ్చి ఎప్పుడూ ఒక వాహనాన్ని స్టేషన్‌లో నిలిపి ఉంచడం దీనికి సులువైన మందు.

ఐదో దశ: గోదావరి దాటడం

డెల్టాలో అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. ఈ ఆటలో వంతెన మీద సిగ్నల్ పెట్టడానికి వీలుండదు. అంటే గౌతమి మీద కట్టిన వంతెన ఎంత పొడవైనా దానిపై ఒకసారి ఒకే రైలు వెళ్లగలదు. నేను మొదటిసారి కోటిపల్లి దగ్గర ఒకే వంతెన కట్టి, రెండు ఒడ్డులలోనూ రెండువైపులా పనిచేసే సిగ్నళ్లు పెట్టి, వేరే పనిలో పడ్డాను. తిరిగి వచ్చి చూస్తే కాకినాడ నుంచి ఖాళీగా వస్తున్న చమురు రైలు వంతెన మీద, నిండు లోడుతో పోతున్న రైలు ముక్తేశ్వరం ఒడ్డున, ముక్కుకు ముక్కు ఆనించుకున్నట్టు నిలబడి ఉన్నాయి. వాటి వెనుక మరో మూడు. ఆటకాలంలో ఏడు నెలల రాబడి పోయింది.

కాబట్టి అప్పు పెరిగినా సరే మొదటే రెండు వంతెనలు పక్కపక్కన కట్టి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి కేటాయించి, ఒకేవైపు పనిచేసే పాత్ సిగ్నళ్లు (రైలుకు ముందున్న దారిని ముందే కేటాయించే సిగ్నళ్లు) పెట్టాలి. వంతెన దిగిన వెంటనే కాక, కనీసం ఒక రైలు పొడవు దాటాక తర్వాతి సిగ్నల్ ఉంచాలి. లేకపోతే ముందు దారి మూసుకున్నప్పుడు రైలు తోక వంతెన మీదే ఉండిపోతుంది. 1900లో ప్రారంభమైన ఒంటి లైను హేవ్‌లాక్ వంతెన తర్వాత రాజమహేంద్రవరంలో 1974లో రెండోది ఎందుకు వచ్చిందో ఈ చిక్కులో పడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఓడలతో ఈ బెడద లేదు, ఎందుకంటే అవి ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి! ఇరుకు పాయలో పది ఓడలు ఒకే గడిలో ఉన్నా రద్దీ ఏర్పడదు. కాలువలు, లాకులు కట్టుకునే సదుపాయం ఉన్నా, పడవల వరుసలు కట్టే లాకు దృశ్యం మాత్రం కనిపించదు. గోదావరికి వరద రాదు, 1996 నవంబరు తుఫాను లాంటిదీ రాదు. విపత్తులు ఉండాలని అమరిస్తే ఎగిరే పళ్లేలు దిగుతాయి.

ఆరో దశ: అమరికలు మార్చడం

మామూలు అమరికలో ప్రయాణికుడికి గమ్యం ఉండదు. రాజోలులో బస్సెక్కినవాడు అమలాపురంలో దించినా కాకినాడలో దించినా సంతోషంగా డబ్బిస్తాడు. సరుకు పంపిణీ అమరికలో ప్రయాణికులకు ‘సౌష్ఠవ’ పద్ధతిని ఎంచుకుంటే, ప్రతివారికీ గమ్యం ఏర్పడి, ఇటునుంచి ఎంతమంది పోతారో అటునుంచి సుమారు అంతమందే వస్తారు. దీన్ని ఆట మొదట్లోనే పెట్టుకోవాలి. మధ్యలో మారిస్తే బస్టాండులు కిక్కిరిసిపోతాయి.

పట్టాల కోసం ఊరి దగ్గర చెట్లు కొట్టినా పురపాలక అధికారులు కోపగించి, కొత్త స్టేషన్‌కు అనుమతి నిరాకరిస్తారు. చెట్లు లేని గడి దొరకని కోనసీమ పటంలో ఇది తరచుగా జరుగుతుంది. ఊరి చుట్టూ మళ్లీ మొక్కలు నాటితే కోపం తగ్గుతుంది.

ఎన్ని అమరికలు మార్చినా చక్కబడని లోపం ఒకటుంది. కిరాయి మనం నిర్ణయించలేం. డీజిలు, టైర్లు, టోలు, డ్రైవర్ బత్తా అన్నీ కలిసి ఏడాది నడుపుడు ఖర్చు అనే ఒకే అంకెగా మారిపోతాయి. తిరుగు లోడు దొరక్కపోతే ఏ లారీ యజమానికైనా కిరాయి గిట్టుబాటు కాదు. ఆటలో మాత్రం ఖాళీగా తిరిగొచ్చే లారీ కూడా నిక్షేపంగా లాభం తెస్తుంది. అందుకే నేను ఏటా డిసెంబరులో అలాంటి లారీల లాభంలోంచి సగం కొట్టేసి కాగితం మీద వేరే లెక్క రాసుకుంటున్నాను. ఆ లెక్క ప్రకారం నా రావులపాలెం అరటి లారీలు మొదటి మూడేళ్లూ నష్టంలోనే నడిచాయి.