ఆర్‌బీఐ ముసాయిదా మీద అభిప్రాయం ఎలా రాయాలి?

కొత్త నిబంధన ఖరారు చేసే ముందు ఆర్‌బీఐ దాని చిత్తుప్రతిని పెట్టి జనం అభిప్రాయం అడుగుతుంది, అదే ముసాయిదా. అది ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో చదవకూడదు. ఎర్ర పెన్ను చాలు. అభిప్రాయాలు పంపాల్సిన చివరి తేదీని మొదటి పేజీ మీదే పెద్దగా రాసుకోండి.

వార్త చదివి అభిప్రాయం రాయొద్దు. 2017లో మునిగే బ్యాంకులను ఎలా చక్కదిద్దాలో చెప్పే ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు మా ఇంట్లో వాళ్లకి కూడా టెన్షన్ పట్టుకుంది. ‘బ్యాంకు మునిగితే మన డిపాజిట్లు పోతాయట’ అన్న సందేశం తెగ తిరిగింది. దానికి మూలం, మునిగే బ్యాంకు తీర్చాల్సిన బాకీలను తగ్గించే వీలిచ్చిన 52వ క్లాజు. బీమా ఉన్న డిపాజిట్లను ఆ క్లాజే మినహాయించిందని చదివినవాళ్లు తక్కువ. అప్పుడు బీమా ₹1 లక్షే, 1993 నుంచీ అంతే. గట్టిగా అడగాల్సింది ఆ లక్ష గురించి! బిల్లు 2018లో వెనక్కి పోయింది, బీమా 2020లో ₹5 లక్షలైంది.

నిర్వచనాలు, ‘ఎవరికి వర్తిస్తుంది’, ‘ఎప్పటి నుంచి’ అన్న పేరాలు ముందు చదవండి. మీకు అనుభవం ఉన్న పేరాలకు గీత పెట్టండి. మూడుకు మించి వద్దు.

ఇక అందరూ చెడగొట్టే చోటు. ప్రతి అభిప్రాయంలో పేరా నంబరు, దానివల్ల ఎవరికి ఏమవుతుంది, అది మీకెలా తెలుసు, దాని బదులు ఏ వాక్యం ఉండాలి అన్నవి రావాలి. ఈ చివరిది దాదాపు ఎవరూ రాయరు. ‘పేదలకు అన్యాయం, రద్దు చేయండి’ అని రాస్తే అవతల చదివే అధికారి దానితో ఏం చేయగలరు?

2025 ఏప్రిల్‌లో వచ్చిన బంగారు రుణాల ముసాయిదానే తీసుకోండి. సొంత అవసరాల అప్పు నగల విలువలో 75 శాతం దాటకూడదంది. దానికి ఇలా రాయాలి: ‘ఈ పేరాలో చిన్న అప్పులకు 85 శాతం అని మార్చండి. లక్ష విలువైన నగ మీద 75 వేలే వస్తే, ఆసుపత్రి బిల్లుకు తగ్గిన పదివేలు బయట ఎక్కువ వడ్డీకి తేవాల్సి వస్తోంది.’

అక్కడితో ఆపితే సగమే రాసినట్టు. బంగారం ధర పడితే బ్యాంకు గతేమిటన్నది ఆర్‌బీఐ భయం, అది న్యాయమైన భయం. దానికీ మీరే జవాబివ్వాలి: ఈ మినహాయింపు ఫలానా మొత్తం లోపు అప్పులకే, ఇంత గడువుకే అని హద్దు గీయండి. హద్దు లేని కోరిక పక్కకు పోతుంది. జూన్‌లో వచ్చిన తుది ఆదేశాల్లో హద్దులే కనిపించాయి: ₹2.5 లక్షల దాకా 85 శాతం, ₹5 లక్షల దాకా 80, ఆపైన 75.

అంకెలు మారవనుకోకండి. 2024 మే ముసాయిదా, నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టుల రుణాల్లో 5 శాతం మొత్తాన్ని, రేపు నష్టం వస్తే తట్టుకోడానికి బ్యాంకులు పక్కన పెట్టాలంది. తుది ఆదేశాల్లో మౌలిక వసతులకు అది 1 శాతానికి దిగింది.

వందమంది ఒకే కాపీ పంపడం కంటే నగ తాకట్టు పెట్టిన ఒక్కరు సొంతంగా రాసింది మేలు. ముందు తెలుగులో రాసుకుని, తర్వాతే ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేతికి వచ్చేవి అరువు మాటలే. మొత్తం రెండు పేజీలు.

పంపడం తేలిక. ముసాయిదా పేరు సబ్జెక్ట్‌లో పెట్టి, గడువుకు మూడు రోజుల ముందే పంపేయండి. ఎర్ర గీతల ప్రింట్ పారేయొద్దు. తుది ఆదేశాలు వచ్చిన రోజు రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ పేరాలు చూడండి.