తొలకరికి ముందు పాత టిల్లర్ దింపుతున్నారా? కొన్ని జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విశాఖ దగ్గర మా పెందుర్తి వైపు పెరళ్లలో మూలన పడేసిన టిల్లర్లు బయటికొచ్చేది కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే. నాది పెట్రోలుతో నడిచే చిన్న టిల్లర్, అంటే వెనక నడుస్తూ నేల దున్నే యంత్రం. కొన్నప్పుడే పాతది. పాత సామాన్లు కొనే అతను ప్రతి వేసవీ అడుగుతాడు, "ఏటండీ, ఇంకా ఉంచారా దీన్ని? కాటా వేసి ఇచ్చీండి" అని. ఇవ్వను. తొలివాన పడ్డాక ఇక్కడి ఎర్రనేల పదును మీద, అంటే దున్నడానికి సరిపడా తేమతో ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో కూలీలు దొరకరు. ట్రాక్టర్ పిలిస్తే మా గేటులో పట్టదు. ఆ కాస్త అదునులో పని చేసిపెడుతుంది కాబట్టే దానికి విలువ. లేకపోతే అతను చెప్పిన ఇనుము ధరే దాని ధర.

పాత వాటిలో గేర్‌బాక్సు గట్టిగా ఉంటుంది కానీ మనిషికి రక్షణ తక్కువ. కొత్త టిల్లర్లలో చాలావాటికి హ్యాండిల్ మీద చెయ్యి తీస్తే బ్లేడ్లు ఆగిపోతాయి. నా దాంట్లో క్లచ్ లివర్ లాక్ పడిపోతుంది, నేను వదిలేసినా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఆయిల్ కంటే ముందు ఆపే స్విచ్ చూస్తాను.

ఆ స్విచ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటి మాగ్నెటో ఇంజన్‌లో, అంటే బ్యాటరీ లేకుండా తానే స్పార్కు పుట్టించుకునే దాంట్లో, స్విచ్ కరెంటును తెంపదు, ఇంజన్ బాడీకి ఎర్తు చేస్తుంది. అలా ఎర్తయితేనే ఇంజన్ ఆగుతుంది. వైరు తెగినా, బాడీకి బిగించిన చోట తుప్పు పట్టినా స్విచ్ ఎంత నొక్కినా అది నడుస్తూనే ఉంటుంది. విశాఖ ఉప్పుగాలి ముందు తినేది ఇలాంటి చోట్లనే. ఆ బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించండి. బ్లేడ్లు తిరగకుండా క్లచ్ వదిలి ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్విచ్ నొక్కి చూడండి. వెంటనే ఆగాలి. ఆగకపోతే చోక్, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిని మూసే మీట, పూర్తిగా మూయండి, ఇంజన్ ముక్కి ఆగుతుంది. పెట్రోల్ కాక్ కట్టేసినా ఆగుతుంది గానీ కార్బురేటర్ గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా నడుస్తుంది. ప్రమాదంలో అంత టైం ఉండదు.

షెడ్డులోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. గోనెసంచుల కింద చల్లగా ఉంటుందని పాములు చేరతాయి. కరిస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

బ్లేడ్ల మీద చెయ్యి వేసే ముందు ఇంజన్ పొరపాటున స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్గు టోపీ పీకేయండి. ప్రతిసారీ. అలా పీకినప్పుడే స్టార్ట్ చేసే తాడు మెల్లగా లాగి చూడండి, గట్టిగా ఎదురు తన్నితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి, బాగున్నట్టే. తేలిగ్గా వచ్చేస్తే వాల్వులో రింగులో అరిగాయని అర్థం, మెకానిక్‌కి చూపించాల్సిందే. నిరుటి పెట్రోల్ మాత్రం అలాగే వాడొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేదానిలో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. మన ఊరి గాలిలో తేమకేం కొదవ! ట్యాంకు, కార్బురేటర్ గిన్నె రెండూ ఖాళీ చేసి కొత్తది పోయండి. పాత రబ్బరు పైపు గట్టిబడితే మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు.

స్టార్ట్ చేసేది షెడ్డు బయటే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. వేడి ఇంజన్‌లో పెట్రోల్ పోయకండి, ఓ టీ తాగి రండి.

నేల విషయానికొస్తే, తొందరపడొద్దు. గట్టినేలలో బ్లేడ్లు దిగవు, టిల్లర్ దూకి మనల్ని ఈడ్చుకుపోతుంది. పిడికెడు మట్టి పిసికి చూడండి. ముద్దయి, వేలితో పొడిస్తే విడిపోతే పదును వచ్చినట్టు. చేతికి అంటుకుంటే ఇంకో రోజు ఆగండి, బురదలో దున్నితే ఆరాక గడ్డలే మిగులుతాయి. రాళ్లు ముందే ఏరేయండి. బోరు వైరు, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో సున్నంతో గీత వేసుకోండి.

లుంగీతో, భుజాన తువ్వాలుతో టిల్లర్ దగ్గరికి వెళ్లకండి. గట్టి బూట్లు, ప్యాంటు వేసుకోండి. పిల్లల్నీ కుక్కనీ లోపల ఉంచండి.

ఇక రివర్స్. మూడేళ్ల క్రితం ప్రహరీ దగ్గర వెనక్కి తెస్తూ గోడకూ హ్యాండిల్‌కూ మధ్య ఇరుక్కున్నాను. స్విచ్ పనిచేసింది కాబట్టి పక్కటెముకల నొప్పితో పోయింది. అప్పటి నుంచి గోడ దగ్గర నాలుగడుగులు టిల్లర్‌తో దున్నడం మానేసి పారతో తవ్వుతున్నాను. మా ఆవిడ అక్కడే ఆనపపాదు పెడుతోంది.