బ్యారన్ దగ్గర రాత్రి కాపలా: వాచీలో అంకె చూసి ఆగకండి

పోయిన వారం కొండపి వైపు మా బంధువుల పొగాకు బ్యారన్‌లో (ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే గదిలో) ఒక రైతు, చలికి తలుపు మూసుకుని పొయ్యి పక్కనే పడుకుని, తెల్లవారుజామున తలనొప్పితో, వాంతులతో లేచాడు. కొడుకు తన వాచీ తీసి ఆయన చేతికి పెడితే ఆక్సిజన్ 98 చూపింది. ‘‘బాగానే ఉంది నాయనా, కాసేపు పడుకో’’ అని మళ్ళీ అక్కడే పడుకోబెట్టాడు. పొద్దెక్కాక పిలిస్తే ఆయన పలకలేదు. ఒంగోలు తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించాక గాని తేరుకోలేదు.

వాచీ అయినా, వేలికి పెట్టే క్లిప్పు అయినా చర్మంలోకి ఎరుపు, పరారుణ కాంతులను పంపి, రక్తం వాటిని ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కిస్తుంది. పచ్చికట్టె సరిగా మండనప్పుడు ఎక్కువగా పుట్టే ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను: మనిషికి తల తిరుగుతుంటే వాచీలో అంకె చూసి ఆగకండి.

ఊపిరి లెక్కకు ఛాతీకి కట్టే బెల్టు కూడా ఆక్సిజన్‌ను చూడదు, ఛాతీ కదలికను బట్టి ఊపిరిని లెక్కిస్తుంది. వదులుగా కడితే ఆ లెక్కా తప్పుతుంది. అనుమానం వస్తే పొట్ట మీద చెయ్యి పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 12 నుంచి 20 ఊపిర్లు మామూలు, 25 దాటితే ఆలస్యం చేయవద్దు. ఊపిరి లెక్క సరిగా ఉన్నంత మాత్రాన పొగ పట్టలేదని మాత్రం అనుకోకండి. వేళ్ళు చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా క్లిప్పు తప్పు చూపవచ్చు. నల్లని చర్మం ఉన్నవారికి అసలు ఆక్సిజన్ కంటే ఎక్కువ చూపే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లోనే హెచ్చరించింది.

పొయ్యి ఉన్నచోట తలుపు మూయకండి. అక్కడ పడుకోకండి, ఒంటరిగా అసలే వద్దు. ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే అది పొగ పనే అనుకోండి. ఎవరైనా పడిపోతే ముందు ఆరుబయటికి లాగండి, తరువాత 108కి ఫోన్ చేయండి, వాచీ కోసం వెతకకండి. అంకె చూసి ఆగకండి. ఆసుపత్రిలో మొదటి మాటగా ‘‘కట్టెల పొయ్యి పక్కన పడుకున్నాడు, రక్తపరీక్ష చేయండి’’ అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే అక్కడా ముందు వేలికి క్లిప్పే పెట్టి చూస్తారు.