జూలైలో రోమ్: అమ్మానాన్నల్ని తీసుకెళ్ళే ముందు

"రెంటచింతల ఎండలు చూసినోళ్ళం, మాకు రోమ్ ఎండ ఒక లెక్కా!" అన్నారు నాన్న, టికెట్లు బుక్ చేసిన రోజు. నాకూ నిజమే అనిపించింది. పల్నాడులో మే నెల వచ్చిందంటే 45 డిగ్రీలు దాటడం ఆయనకు కొత్తేం కాదు. రోమ్‌లో జూలై పగటి వేడి మామూలుగా 31, 32 దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఆ అంకె చూసి ధైర్యంగా, జర్మనీలో నేనుండే మ్యూనిక్ నుంచి బయల్దేరాం.

రెండో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి, పాత రోమ్ శిథిలాలున్న రోమన్ ఫోరమ్‌లో ఒక విరిగిన రాతి దిమ్మె మీద నాన్న కూలబడిపోయారు. చెయ్యి పట్టుకుంటే ఒళ్ళంతా జిడ్డు చెమట, ముఖం పాలిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. చుట్టూ చూస్తే నీడ అన్నదే లేదు. అమ్మ తన కొంగు ఆయన తల మీద కప్పి నిలబడింది. పక్కన ఉన్న ఎవరో గొడుగు పట్టారు. నేను సీసా పట్టుకుని నీళ్ళ కోసం పరిగెత్తాను. గంటసేపు చెట్టు కింద కూర్చోబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాక తేరుకున్నారు.

ఆ రాత్రి హోటల్లో కూర్చుని ఆలోచిస్తే అసలు సంగతి అర్థమైంది. ఊళ్ళో నాన్న ఎండాకాలం మధ్యాహ్నం ఎప్పుడు బయట తిరిగారు? పొద్దున ఆరింటికే పొలం చూసొచ్చి, పదింటికల్లా ఇల్లు చేరి, మజ్జిగ తాగి, కిటికీలకు తడిపిన చాపలు కట్టి, ఐదు దాటేదాకా వాకిలి దాటరు. ఎండని ఓర్చుకోవడం కాదు, ఎండని తప్పించుకోవడం ఆయనకు తెలిసిన విద్య. రోమ్‌లో మాత్రం డబ్బు పెట్టి టికెట్ కొన్నాం కాబట్టి పొద్దున పదికి మొదలుపెట్టి సాయంత్రం ఐదు దాకా అని లెక్కేసుకుని రాళ్ళ మీద నడిపించాను. తప్పు నాది. ఈ వేసవిలో యూరప్‌లో ఉన్న మన పిల్లలు చాలామంది అమ్మానాన్నల్ని రోమ్ తీసుకెళ్తారు. వాళ్ళకి ఆ మధ్యాహ్నం రాకూడదని రాస్తున్నాను.

మొదటి జాగ్రత్త, మీ రోజుని పల్లెటూరి వేసవి రోజులా రెండు ముక్కలు చెయ్యండి. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఒక పూట, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా ఇంకో పూట. జూలైలో అక్కడ పొద్దు వాలేసరికి ఎనిమిదీ ముప్పావు అవుతుంది, కాబట్టి సాయంత్రానికి ఏమీ తక్కువ కాదు. మధ్యలో ఏసీ ఉన్న గదిలో భోజనం, నిద్ర. అందుకే హోటల్ ఊరి బయట చౌకగా దొరికినా తీసుకోకండి. మధ్యాహ్నం తేలిగ్గా తిరిగి రాగలిగే చోట ఉండాలి, బుక్ చేసేటప్పుడు గదిలో ఏసీ ఉందో లేదో విడిగా అడగాలి. పాత భవనాల్లో ఫ్యాన్ ఒక్కటే ఉండే గదులు ఇంకా ఉన్నాయి.

32 డిగ్రీలని నమ్మి కూర్చోకండి. వడగాడ్పులు వచ్చాయంటే 37, 38 మామూలే. 2023 జూలైలో 40 కూడా దాటింది. ఇటలీ ఆరోగ్య శాఖ వేసవిలో 27 నగరాలకు వేడి హెచ్చరికలు ఇస్తుంది, అందులో రోమ్ ఉంటుంది. 3వ స్థాయి, అంటే ఎర్ర రంగు చూపించిన రోజున పెద్దవాళ్ళని మధ్యాహ్నం అస్సలు బయటికి తీసుకెళ్ళొద్దు. టికెట్ పోతే పోనివ్వండి.

బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు బయటికి పంపేవి ఉంటాయి. నాన్న వాడేది కూడా అదే రకమని తర్వాత తెలిసింది. ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు మాత్రం మాత్ర ఆపకండి. షుగర్ ఉన్నవాళ్ళ సంచిలో తినడానికి ఏదో ఒకటి ఉండి తీరాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి దగ్గరే ఒక పది కొని పెట్టుకోండి. కళ్ళు తిరగడం దాటి మాట తడబడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టడంలో తేడా వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా, ఇక ఓఆర్ఎస్‌తో ఆగకండి, వెంటనే 112కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీని 'ప్రొంతో సొక్కోర్సో' అంటారు, బోర్డు మీద అలాగే ఉంటుంది. మందుల షాపుకి ఆకుపచ్చ ప్లస్ గుర్తు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు కదా, ఆ పాలసీ నంబరు, వాళ్ళ ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

నీళ్ళ విషయంలో మాత్రం రోమ్ చాలా మంచి ఊరు. వీధుల్లో ఇనుప స్తంభాల్లాంటి కుళాయిలు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. వాటి వంపు గొట్టం ముక్కులా ఉంటుందని అక్కడివాళ్ళు వాటిని 'నసోనే' అంటారు, అంటే పెద్ద ముక్కు. 1874లో మొదలుపెట్టారు, ఇప్పుడు ఊరంతా కలిపి సుమారు 2,500 ఉన్నాయి. నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉంటాయి, అందరూ తాగుతారు. సీసా లేకపోయినా పర్వాలేదు. గొట్టం చివర వేలితో గట్టిగా మూస్తే, పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు సన్నటి ధారగా పైకి ఎగుస్తాయి, వంగకుండా తాగొచ్చు. నడుం నొప్పి ఉన్న మా అమ్మకి ఇది ఎంత సుఖంగా ఉందో! మూడో రోజు నుంచి మేం తీపి లేని గ్రీక్ యోగర్ట్ డబ్బా కొని, సగం సీసాలో వేసి, కుళాయి నీళ్ళు నింపి, ఉప్పు వేసి గిలకొట్టి మజ్జిగ చేసుకున్నాం. తెర్మినీ స్టేషన్‌కి దగ్గర్లో ఎస్క్విలీనో మార్కెట్ ఉంది, అక్కడ బంగ్లాదేశ్ వాళ్ళ, మనవాళ్ళ దుకాణాల్లో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరుకుతాయి.

ఇక టికెట్లు. కొలోసియం టికెట్ మీద ఇప్పుడు ప్రతి మనిషి పేరూ ఉండాలి, గేటు దగ్గర పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. ఇక్కడే మన తెలుగువాళ్ళకి చిక్కు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మనం అలవాటుగా ఇనీషియల్ కొట్టి వదిలేస్తాం. మేం ఒక మధ్యవర్తి వెబ్‌సైట్లో కొంటే నలుగురి టికెట్ల మీదా నా పేరే వచ్చింది. గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఎండలో నిలబడి బతిమాలుకోవాల్సి వచ్చింది. అధికారిక సైట్లోనే, పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. పొద్దున 8:30 స్లాట్ దొరికితే అంతకన్నా మంచిది లేదు. అదే టికెట్ మీద ఫోరమ్, పలటైన్ కొండ కూడా చూడొచ్చు గానీ, ఒకే పూటలో మూడూ చూసేయాలన్న ఆశ పెద్దవాళ్ళతో వద్దు. మేం చేసిన తప్పు సరిగ్గా అదే.

వాటికన్ మ్యూజియం పొద్దున ఎనిమిదికి తెరుస్తారు. ఆదివారాలు సెలవు, నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితం, కానీ ఆ రోజు జనాన్ని తట్టుకోలేం. లోపలున్న సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం దాకా చాలా దూరం నడవాలి కాబట్టి వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడకండి, అక్కడ ఇస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. అమ్మ చీరకి ఎవరూ ఏమీ అనలేదు గానీ, స్లీవ్‌లెస్ కుర్తీ వేసుకున్న మా చెల్లెలు చున్నీ కప్పుకోవాల్సి వచ్చింది. సెయింట్ పీటర్స్ గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 మిగులుతాయి, అదీ ఇరుకు దారిలో. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కింద చర్చిలోనే హాయిగా కూర్చోవచ్చు, లోపల చల్లగా ఉంటుంది.

ఎక్కడైనా ఎండ మీద పడిందనిపిస్తే దగ్గర్లో ఉన్న చర్చిలోకి వెళ్ళిపోండి. చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, పెద్ద బసిలికాలు మాత్రం రోజంతా తెరిచే ఉంటాయి. తెర్మినీ దగ్గర శాంటా మరియా మజ్జోరే అలాంటిదే. 2025లో పోప్ ఫ్రాన్సిస్‌ని సమాధి చేసింది అక్కడే.

రోమ్ వీధుల్లో పరిచిన నల్లటి చిన్న రాళ్ళు అరిగిపోయి నున్నగా, ఎత్తుపల్లాలుగా ఉంటాయి. వాటిమీద హవాయి చెప్పులు జారతాయి, హీల్స్ ఇరుక్కుంటాయి. నెల ముందే కొని ఇంటి దగ్గర నడిచి అలవాటు చేసిన బూట్లే వెయ్యాలి. అమ్మ మొదట ఒప్పుకోలేదు, చీర మీద బూట్లేంటని. రెండో రోజు తనే అడిగి వేసుకుంది.

ఎండ తర్వాత భయపడాల్సింది జేబు దొంగలకి. తెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబర్ బస్సు, మెట్రో 'ఎ' లైన్‌లో తెర్మినీ, స్పాన్య స్టేషన్లు దీనికి పేరుమోసినవి. మాకు జరిగింది చెప్తాను. మెట్రో ఎక్కుతుంటే ముందున్న మనిషి గుమ్మంలో ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకనుంచి ఇంకొకరు తోశారు. ఆ తోపులాటలో అమ్మ చంక కింద హ్యాండ్‌బ్యాగ్ జిప్పు సగం దాకా తెరుచుకుంది. దాని మీద కప్పినట్టుగా ఒక స్కార్ఫ్, స్కార్ఫ్ కింద ఒక చెయ్యి. మా చెల్లెలు "అమ్మా, బ్యాగు!" అని తెలుగులో గట్టిగా అరిచింది. తలుపులు మూసుకునే లోపే వాళ్ళిద్దరూ దిగిపోయారు. చూడ్డానికి శుభ్రంగా, టూరిస్టుల్లానే ఉన్నారు. కాబట్టి వేషం చూసి అంచనా వెయ్యకండి. గుమ్మం దగ్గర నిలబడకుండా లోపలికి జరగండి, బ్యాగు పొట్ట మీదకి తెచ్చుకోండి, ప్యాంటు వెనక జేబులో ఏమీ పెట్టకండి. మెడలో గొలుసులు, పుస్తెలతాడు బట్టల లోపల ఉండాలి. మిగతా బంగారం ఇంటి దగ్గర వదిలేసి రావడం మంచిది.

టికెట్ మెషీన్ దగ్గర "సాయం చేస్తాం" అని వచ్చేవాళ్ళకి వద్దని చెప్పి పక్కకి రండి. చేతికి దారం కట్టేవాళ్ళు, గులాబీ చేతిలో పెట్టేవాళ్ళు, కొలోసియం దగ్గర యోధుడి వేషంలో ఫొటోకి పిలిచేవాళ్ళు, వీళ్ళంతా తర్వాత డబ్బు అడుగుతారు. మన పెద్దవాళ్ళు మర్యాదకి చెయ్యి చాపుతారు, ముందే చెప్పి ఉంచండి. విమానాశ్రయంలో లోపలికి వచ్చి "టాక్సీ?" అని అడిగేవాళ్ళతో వెళ్ళొద్దు. బయట క్యూలో తెల్ల టాక్సీలు ఉంటాయి, నగరం మధ్యలోకి ఒకే నిర్ణీత ధర. ఏటీఎంలో 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే నొక్కండి.

బస్సు టికెట్ కొన్నాక బస్సులో మెషీన్‌లో పంచ్ చెయ్యకపోతే, టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. స్పానిష్ మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం, జరిమానా 250 యూరోల దాకా. ట్రెవి ఫౌంటెన్ నీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. శుక్రవారాల్లో రవాణా సమ్మెలు ఎక్కువ, 'షోపెరో' అన్న మాట కనిపిస్తే అదే. సమ్మె రోజు కూడా పొద్దున 8:30 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా బస్సులు, మెట్రో నడపాలన్న నియమం ఉంది. మనం వేసుకున్న రెండు పూటల లెక్కకి అది కొంత కలిసొస్తుంది.

శాకాహారులు పాస్తా పేరు అడిగి తెలుసుకుని తినాలి. కార్బొనారా, అమాత్రిచానా రెండిట్లోనూ పంది మాంసం ఉంటుంది. పొమొదోరో అంటే టమాటా, దానికి భయం లేదు.

పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీస్ స్టేషన్‌లో 'దెనున్చ' అనే ఫిర్యాదు కాగితం తీసుకోవాలి, దానితో వియా వెంతి సెత్తెంబ్రేలో ఉన్న భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు మీ ఫోన్లోనూ, ఇంట్లో ఇంకెవరి ఫోన్లోనూ ఉంచండి. కార్డులు రెండు తెచ్చుకుని, రెండూ ఒకే పర్సులో పెట్టకండి.

ఎవరైనా తప్పిపోతే ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి. మెట్రో తలుపులు మూసుకుని ఒకరు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే, వాళ్ళు అక్కడే కదలకుండా నిలబడాలి. రైల్లో ఉన్నవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావాలి. ఇది అమ్మానాన్నల చేత రెండుసార్లు చెప్పించుకున్నాం. హోటల్ పేరు, అడ్రస్, మా ఇద్దరి నంబర్లు, నాన్న వేసుకునే మాత్రల పేర్లు ఇంగ్లీషులో రాసిన కాగితం మడిచి, రోజూ పొద్దున ఆయన చొక్కా జేబులో నేనే పెట్టేవాణ్ణి. సాయంత్రానికి చెమటకి తడిసి అక్షరాలు అలుక్కుపోయేవి. అందుకని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.