కమ్యూనిటీ కాలేజీనా, యూనివర్సిటీనా: కాలిఫోర్నియాకి పిల్లలతో కొత్తగా వచ్చినవాళ్ళకి

మొన్న శనివారం లివర్‌మోర్ గుళ్ళో ప్రసాదం లైన్లో ఉంటే వెనకాల ఒక కుటుంబం మాటలు చెవిన పడ్డాయి. గుంటూరు నుంచి వచ్చి నాలుగు నెలలయిందట, మేనమామ ఎప్పుడో వేసిన పిటిషన్ మీద గ్రీన్ కార్డులు వచ్చాయి, అబ్బాయి బీటెక్ ఫస్టియర్ మధ్యలో వదిలేసి వచ్చాడు. వాళ్ళమ్మగారేమో "కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఐటీఐ లాంటిదంట కదండీ, లోన్ తీసుకునైనా సరే పెద్ద యూనివర్సిటీలోనే వేద్దాం" అంటున్నారు. పిల్లాడు తల దించుకుని ఫోన్ చూస్కుంటున్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు నేనూ అచ్చం అలాగే నిలబడ్డాను. ఆగలేక వెనక్కి తిరిగి మాట్లాడాను, చేతిలో పులిహోర చల్లారిపోయేదాకా మాట్లాడాను, అయినా సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ ఐటీఐ మాట మనసులోంచి తీసెయ్యండి. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో డిగ్రీ మొదటి రెండేళ్ళ సబ్జెక్టులే చెప్తారు, అవి అయ్యాక యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), శాన్ హోసే స్టేట్ లాంటి దానికో థర్డ్ ఇయర్లోకి వెళ్తారు. మన దగ్గర డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్లో చేరతారు చూడండి, ఆ పద్ధతే, కాకపోతే ఇక్కడ ఎంట్రన్స్ ఉండదు, ఏ కోర్సులు చేశావు, జీపీఏ ఎంత, అదే చూస్తారు. చివర్లో పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. పైగా యూసీలు ట్రాన్స్‌ఫర్ సీట్లలో మొదటి ప్రాధాన్యం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే ఇస్తాయి, వేరే యూనివర్సిటీలో రెండేళ్ళు చదివి వద్దామనుకునేవాళ్ళు వీళ్ళ తర్వాతే.

డబ్బు సంగతి. రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి, సెమిస్టర్ పద్ధతి ఉన్న చోట రెసిడెంట్‌కి యూనిట్ (అంటే క్రెడిట్) 46 డాలర్లు, అంటే 15 యూనిట్లు తీసుకుంటే సెమిస్టర్‌కి 690. ఆదాయం తక్కువైతే అదీ మాఫీ అవుతుంది. కానీ రెసిడెంట్ అనే మాటలోనే ఉంది అసలు తిరకాసు. గ్రీన్ కార్డు చేతిలో ఉంది కదా, మనం రెసిడెంట్లమే అనుకుంటారు అందరూ, మా నాన్న కూడా అలాగే అనుకున్నారు. ఫీజు లెక్కలో రెసిడెంట్ అంటే క్లాసులు మొదలయ్యే రోజుకి ముందే కాలిఫోర్నియాలో ఏడాది పైన ఒక రోజు ఉండి ఉండాలి, ఇక్కడే స్థిరపడుతున్నాం అనడానికి కాగితాలు ఉండాలి. అందుకే దిగిన వెంటనే స్టేట్ ఐడీ, అద్దె అగ్రిమెంట్, బ్యాంక్ అకౌంట్, ఇవన్నీ తేదీలతో సహా ఒక ఫైల్లో పెట్టండి. ఏడాది నిండకపోతే యూనిట్‌కి 300 డాలర్లు దాటే కట్టాల్సి వస్తుంది. యూసీలో అయితే నాన్ రెసిడెంట్‌కి మామూలు ఫీజు మీద ఏడాదికి 30 వేల డాలర్లకి పైనే అదనం. లోన్ తీసుకునైనా అంటున్నారే అమ్మగారు, ఆ లోన్ దీనికే పోతుంది.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు కూడా ఈ ఏడాది లెక్క పూర్తి చేసి రెసిడెంట్ ఫీజు కట్టొచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్ళకి ఆ వీలు లేదు. గ్రీన్ కార్డు ఉంటే ఫాఫ్సా అనే ఆర్థిక సాయం ఫారం వెంటనే నింపండి, తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ పెల్ గ్రాంట్‌కి ఈ ఏడాది లెక్కతో పనిలేదు. ఇండియాలో వచ్చిన ఆదాయం డాలర్లలోకి మార్చి రాయాలి, రాయకుండా వదిలెయ్యొద్దు.

ఇంక నేను నిజంగా భయపడే విషయం ఇది. నిదానంగా చదవండి.

నేను జనవరిలో వచ్చి ఆగస్టులో చేరాను, ఏడాది నిండలేదు, నాన్న ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బులోంచి పెద్ద ఫీజే కట్టారు. నాకు ఇంటర్లో మ్యాథ్స్ వన్-ఎలో 75కి 75. కాల్‌క్యులస్ క్లాసు చూస్తే ఇంజనీరింగ్ వాళ్ళది నిండిపోయి వెయిట్‌లిస్ట్ చూపిస్తోంది, పక్కనే బిజినెస్ కాల్‌క్యులస్ అని ఒకటి ఖాళీగా ఉంది. కాల్‌క్యులస్ కాల్‌క్యులసే కదా అని తీస్కున్నా. కౌన్సెలర్‌ని ఒక్క మాట అడగలేదు, మనకి ఇంటర్లో సబ్జెక్టులు ఎంచుకునే అలవాటే లేదు కదా, ఎంపీసీ అంటే వాళ్ళే అన్నీ ఇస్తారు. సెమిస్టర్ చివర 'ఏ' గ్రేడే వచ్చింది. ఇంట్లో పాయసం చేశారు.

తర్వాత ఏప్రిల్లో కౌన్సెలర్ దగ్గర కూర్చుంటే ఆవిడ తన మానిటర్ నావైపు తిప్పి అసిస్ట్ డాట్ ఓఆర్జీ తెరిచారు. ఎడమ పక్క యూసీ వాళ్ళు అడిగే కోర్సు, కుడి పక్క దానికి సరిపోయే మా కాలేజీ కోర్సు. పెన్సిల్ చివరతో కుడి పక్క వరుసలన్నీ పైనుంచి కిందకి చూపించారు. నా కోర్సు ఎక్కడా లేదు. యూనిట్లు లెక్కలోకి వస్తాయి గానీ కంప్యూటర్ సైన్స్‌కి కావాల్సిన కాల్‌క్యులస్ అది కాదన్నారు. అది లేకపోతే సెకండ్ కాల్‌క్యులస్ లేదు, ఫిజిక్స్ లేదు, లీనియర్ ఆల్జీబ్రా లేదు, ఒక్క ఇటుక తప్పు పెట్టినందుకు మొత్తం గోడ జరిగింది. రెండేళ్ళది నాకు మూడేళ్ళు పట్టింది. నాన్నకి చెప్పడానికి ఆ రోజు పార్కింగ్ లాట్‌లో గంటసేపు కూర్చున్నాను.

కాబట్టి తమ్ముడూ, కమ్యూనిటీ కాలేజీలో అడుగు పెట్టేముందు బయటికి ఏ యూనివర్సిటీకి, ఏ మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) వెళ్తావో రెండు మూడు రాసుకో. అసిస్ట్‌లో నీ కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, మేజర్ పెట్టి ఆ పేజీ ప్రింట్ తీసుకుని కోర్సు ఎంచుకునే ప్రతిసారీ పక్కన పెట్టుకో. కొన్ని వరుసల్లో మీ కాలేజీలో అలాంటి కోర్సు లేదని ఉంటుంది, అప్పుడు ఆ ఒక్కటీ పక్క కాలేజీలో చెయ్యొచ్చు. ఫ్రెండ్ తీసుకున్నాడని, ప్రొఫెసర్ ఈజీ అని, టైమింగ్ కుదిరిందని తీసుకోవద్దు. ఎంతమందికి చెప్పినా మళ్ళీ ఇదే చేస్తున్నారు, చూస్తుంటే ఒళ్ళు మండుతుంది. క్లాసు కష్టమనిపిస్తే డెడ్‌లైన్ లోపల డ్రాప్ చెయ్యి. ఆ తర్వాత వదిలేస్తే డబల్యూ (విత్‌డ్రా అని) పడుతుంది, అది కూడా ఒక ప్రయత్నం కిందే లెక్క, ఒక కోర్సుకి మామూలుగా మూడే ప్రయత్నాలు. ఇండియాలో కొంత బీటెక్ చదివుంటే ఆ సంగతి దాచొద్దు, యూసీ అప్లికేషన్లో చదివిన ప్రతి కాలేజీ రాయాల్సిందే.

యూసీ ట్రాన్స్‌ఫర్‌కి ట్యాగ్ అని ఒకటుంది, షరతులు పూర్తి చేస్తే సీటు గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లలోనే, అదీ ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజలిస్, శాన్ డియాగోలకి లేదు. మనవాళ్ళందరూ అడిగే కంప్యూటర్ సైన్స్‌కి కొన్ని క్యాంపస్‌లలో ట్యాగ్ వర్తించదు, ముందే చూస్కోండి. ఫారం సెప్టెంబర్ 1 నుంచి 30 లోపల.

నేరుగా యూనివర్సిటీకే వెళ్ళాల్సిన వాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఇక్కడే హైస్కూల్ చదివి, ఫీజులో పెద్ద భాగం ఎయిడ్ (ఆర్థిక సాయం) కింద వచ్చిన పిల్లలు హాయిగా వెళ్ళండి. హాస్టల్లో నలుగురితో ఉంటే తప్ప చదువు సాగని పిల్లలున్నా ఆలోచించండి, కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు అయిపోగానే ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు, మొదటి ఏడాది నాకు కలిసి అన్నం తినడానికి ఒక్క మనిషి లేడు, అది చిన్న విషయమేం కాదు.

ఇంత భయపెట్టాను గనక ఇదీ చెప్పాలి. నేను ఏడాది పోగొట్టుకున్నా యూసీకి వెళ్ళాను, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇంటర్వ్యూల్లో ఆ మూడో ఏడాది గురించి అడిగినవాళ్ళు లేరు. తప్పు జరిగినా సరిదిద్దుకునే వీలు ఈ దారిలో ఉంది.

ఆ గుంటూరు అబ్బాయి నిన్న మా ఇంటికొచ్చాడు, వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి అసిస్ట్ తెరిచాం, కుడి పక్క వరుసలు వాడే చదివి రాసుకున్నాడు. ఏడాది నిండేదాకా ఒక్క మ్యాథ్స్ కోర్సే చేసి మిగతా టైములో పని చూసుకుంటానన్నాడు. సరైన కాల్‌క్యులస్‌లో వెయిట్‌లిస్ట్ మూడో నంబర్ వచ్చింది. మొదటి రోజు క్లాసుకి వెళ్ళి కూర్చుంటే సీటు ఖాళీ అయితే ప్రొఫెసర్ క్లాసులో చేరడానికి యాడ్ కోడ్ ఇస్తారు, పొద్దున ఎనిమిదింటికి క్లాసు, బస్సు కుదరదు, నేనే దింపుతానన్నాను.